వెనక్కి నడిచే గడియారం కింద

మా మేనకోడలు ఏ బొమ్మ పూర్తిచేసినా ముందు నాకే చూపిస్తుంది. అత్త అంటే ప్రాణం కాబట్టి అనుకునేరు. అదేం కాదు. మా అన్నయ్య సెలూన్‌కీ, నేను బట్టలకు ఆల్టరేషన్ చేసే కొట్టుకీ మధ్య ఒకటే గోడ. బస్సు దిగి నడిచి వచ్చేవాళ్ళకు నా కొట్టు ముందు తగులుతుంది, అంతే. పిల్ల లోపలికొచ్చి, నేను కుడుతున్న ప్యాంటును పక్కకు నెట్టి, మిషను బల్ల మీద బొమ్మ పరిచి, "ఎలా ఉందో చెప్పత్తా. బాగుందని మాత్రం చెప్పకు" అనేది. బాగుంటే ఇంకేం చెప్పమంటావే అని అడిగితే, "ఎక్కడ బాగాలేదో అది చెప్పు" అనేది. తిట్టించుకోవడానికి ఇంత ఉబలాటపడే పిల్లను నేను మరెక్కడా చూడలేదు.

అది చదివేది ఇలస్ట్రేషన్ కోర్సు. అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మా వదిన "బొమ్మలేసే చదువు" అని చెప్పి, చివర ఒక నిట్టూర్పు చేర్చేది. వదిన పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. ఆ క్లినిక్‌లో ఎప్పుడూ ఒక మనిషి తక్కువే. అందుకని పిల్ల కోర్సులో చేరిననాడే తల్లీకూతుళ్ళ మధ్య ఒప్పందం అయిపోయింది. ఏటికేడు పాసవుతూ పోతే చదువుకోవచ్చు. ఒక్క ఏడాది పోయినా కుంచెలు కట్టిపెట్టి, వదిన పక్క కుర్చీలో కూర్చుని దంతబాధితుల పేర్లు రాసుకోవాలి. పిల్ల సరేనంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాబట్టి, ఆ ఒప్పందం గురించి ఎప్పుడూ గొణగలేదు, ఆ కుర్చీ వైపు కన్నెత్తీ చూడలేదు.

మొదట్లో చేసిన ప్రాజెక్టుల్లో ఒకటి, ఒక్క అక్షరం రాయకుండా బూటు లేసు కట్టుకోవడం ఎలాగో బొమ్మల్లో చెప్పడం. అది పూర్తయ్యాక తీసుకెళ్ళి సెలూన్‌లో వంతు కోసం కూర్చున్న ఒక పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన బొమ్మలు చూస్తూ తన లేసు విప్పి, మళ్ళీ కట్టుకుంటూ, మధ్యలో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. పిల్ల ఆయన మొహం చూడలేదు, వేళ్ళే చూసింది. కాగితం తిరిగి తీసుకుని, ఆ బొమ్మ ఒక్కటీ మళ్ళీ వేసుకొచ్చింది. ఇంకోసారి బస్టాపులో కునికిపాట్లు పడేవాళ్ళను వేసింది. అందులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నది తానేనని గుర్తుపట్టిన ఒకాయన చాలాకాలం గడ్డంతోనే తిరిగాడు కానీ మా వీధికి రాలేదు. ఇలా పూర్తయిన ప్రతి పనీ నా మిషను మీదుగా, అన్నయ్య బెంచీ మీదుగా వెళ్ళాకే కాలేజీ చేరేది. కిందటేడు చివరి ప్రాజెక్టు ఒక్కటే ఎవరికీ చూపించలేదు.

ఆ ప్రాజెక్టు ఏమిటంటే, నిజంగా ఉన్న ఒక పనిచోటును పది బొమ్మల్లో వేయాలి. చూసింది చూసినట్టు వేయాలి. కొత్తవాడెవడైనా ఆ బొమ్మలు చూసి పని ఎలా చేస్తారో తెలుసుకోగలగాలి. పిల్ల వాళ్ళ నాన్న సెలూన్‌ను ఎంచుకుంది. ఏదీ చూపించవే అంటే "గోడెక్కాక చూద్దువులే అత్తా" అంది. నాకు కష్టంగానే అనిపించింది. ఇన్నాళ్ళూ నా ప్యాంట్లన్నీ పక్కకు నెట్టి చూపించినదానికి ఇప్పుడు నేను కాకుండాపోయానా అనుకున్నాను.

ఇక్కడ మా అన్నయ్య సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో ఆయన నోట్లో నాలుక లేని మనిషి. భోజనం చేస్తే కంచంలోకి చూస్తాడు, మాట్లాడితే గోడకు చెబుతాడు. అదే సెలూన్‌లో కుర్చీ వెనక నిలబడ్డాడంటే ఆయన వేరు. కుర్చీలో ఉన్నవాడితో, బెంచీ మీద ఉన్నవాళ్ళతో, తలుపు తోసుకుని వచ్చేవాడితో, అందరితోనూ అద్దంలోకి చూస్తూనే మాట్లాడతాడు. తల తిప్పడు. తిప్పితే కత్తెర ఎవరి చెవి మీద పడుతుందోనన్న భయంతో మొదలై అదే అలవాటైపోయింది. పిల్ల చిన్నప్పుడు బడి నుంచి వచ్చి, అద్దానికి ఎదురుగా ఉన్న గోడవారన బెంచీ మీద కూర్చునేది. హోంవర్కూ అక్కడే, అలకా అక్కడే. "ఏమ్మా, ఇవాళ టీచరు ఎవరి మీద పడింది?" అని అద్దంలోంచి అడిగేవాడు. అదీ అద్దంలోకే చూస్తూ అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. ఇంటికొచ్చాక మళ్ళీ తండ్రి గోడవైపు, కూతురు పుస్తకంవైపు. ఇది చూస్తే నాకు ఒళ్ళు మండేది, కానీ వాళ్ళకు లేని బాధ నాకెందుకని ఊరుకునేదాన్ని.

ఆ బెంచీ పైన గోడకు ఒక గడియారం ఉంది. అంకెలు తిరగేసి ఉంటాయి, ముళ్ళు వెనక్కి నడుస్తాయి. నేరుగా చూస్తే మతి పోతుంది. కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం అద్దంలో అసలు టైము చక్కగా కనిపిస్తుంది. "నా దగ్గరికొచ్చేవాళ్ళు చూసేది అద్దాన్ని, గోడను కాదు" అని అన్నయ్య దాన్ని ఏరికోరి తెచ్చుకున్నాడు. బెంచీ పక్కన గాజుతలుపు మీద సెలూన్ పేరు కూడా అంతే. లోపలి నుంచి చూస్తే తిరగేసిన రాతలాగా ఉంటుంది, అద్దంలో చూస్తే సరిపోతుంది. మొత్తానికి ఆ గదిలో ప్రతిదీ అద్దం చెప్పినట్టు వినేదే.

కాలేజీలో ఏడాది చివర "గోడ రోజు" అని ఒకటి ఉంటుంది. పూర్తయిన పనులన్నీ పెద్ద హాలు గోడలకు పిన్నులతో గుచ్చుతారు. ఇంటివాళ్ళు, స్నేహితులు వచ్చి చూస్తారు. వేసినవాళ్ళు తమ బొమ్మల పక్కనే నిలబడాలి, కానీ నోరు విప్పకూడదు. "బొమ్మ చెప్పలేనిది నువ్వు చెప్పకు" అని వాళ్ళ మాస్టారి శాసనం. ఆ మాస్టారి జుట్టు భుజాలు దాటి ఉంటుంది. మా ఇంట్లో ఆయన పేరు జులపాల మాస్టారు.

అన్నయ్య రాలేదు, సెలూన్‌కు జనం విరగబడే రోజది. వదినా నేనూ వెళ్ళాం. పిల్ల గోడ పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే బొమ్మలు చూడగానే నా గుండె పొంగింది. నీటిరంగుల్లో వేసింది. స్ప్రే సీసా నుంచి లేచిన తుంపర, మెడ చుట్టూ బిగించిన గుడ్డ ముడతలు, నేల మీద రాలిన నెరిసిన జుట్టు, నల్ల జుట్టు, వెనక గోడ మీద గడియారం, తలుపు మీద పేరు, అన్నీ అచ్చం ఉన్నట్టే ఉన్నాయి. ఆ తర్వాత అన్నయ్య మొహం దగ్గరికొచ్చేసరికి ఏదో ముల్లులా గుచ్చుకుంది. కళ్ళు ఆయనవే, నవ్వూ ఆయనదే, కానీ మనిషి ఆయన కాడు.

"ఇది మా అన్నయ్య కాదు" అన్నాను. మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు. హాల్లో సగంమంది ఇటు తిరిగారు.

మాస్టారు దగ్గరికొచ్చారు. "ఎందుకు కాదండీ?"

"మా అన్నయ్యకు పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీద ఉంటుందండీ. ఇందులో కుడి బుగ్గ మీద ఉంది. చిన్నప్పుడు ఆ మచ్చ గిల్లి తన్నులు తిన్నదాన్ని, నాకు తెలియదా?"

వదిన అప్పటిదాకా ఊరికే చూస్తోంది. "నాకూ ఏదో తేడాగా ఉందనిపిస్తూనే ఉంది" అంది. "కత్తెర ఎడమచేత్తో పట్టుకున్నారు చూడు. ఆయనది కుడిచేతి వాటం కదా."

మాస్టారు వెనక్కి జరిగి బొమ్మలన్నీ వరసగా చూశారు. పదింటిలోనూ కత్తెర ఎడమచేతిలోనే ఉంది. గడియారం సరిగ్గా ఉంది, పేరు సరిగ్గా ఉంది, ఇక అన్నయ్యను ఎప్పుడూ చూడని మాస్టారికి అనుమానం ఎలా వస్తుంది? పిల్ల తన కుడిచెయ్యి పైకెత్తి, కత్తెర ఆడించినట్టు వేళ్ళు రెండుసార్లు ఆడించింది.

"అద్దం" అంది. మాట్లాడకూడదన్న నియమం అక్కడితో సరి. "నేను చూసింది అద్దంలో సార్. ఎప్పుడూ అద్దంలోనే చూశాను."

మాస్టారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "చూసింది చూసినట్టు వేయమన్నాను. ఇది చూసి ఎవడైనా పని నేర్చుకుంటే కత్తెర తప్పుచేత్తో పడతాడు. ఫలితాలు పంపడానికి ఇంకా కొద్దిరోజులున్నాయి. పదీ మళ్ళీ వేసి తీసుకురా. లేకపోతే ఏడాది మళ్ళీ చదవాల్సిందే" అన్నారు.

నోరు పారేసుకున్నానని వదిన దారంతా నన్ను సాధించింది. నేనేం పారేసుకోలేదు, ఉన్నమాట అన్నాను. బాగుందని మాత్రం చెప్పకు అని నాకు నేర్పిందే ఆ పిల్ల. పిల్ల మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బొమ్మల చుట్ట ఒళ్ళో పెట్టుకుని, "సెలవు ఎప్పుడమ్మా నాన్నకి?" అని అడిగింది.

సెలవునాడు పొద్దున్నే వాళ్ళ నాన్నను ముందుగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తాను కూర్చుంది. అన్నయ్య ఫొటో తీయించుకునేవాడిలా బిగుసుకుపోయాడు. చూపు నేల మీద, కాసేపాగి కిటికీ మీద, మళ్ళీ నేల మీద. "ఇటు చూడు నాన్నా" అంటే చూస్తాడు, కుంచె కాగితానికి తగిలేలోపు మళ్ళీ నేల. మాట్లాడు నాన్నా అంటే "ఏం మాట్లాడను?" అని స్టూలును అడిగాడు. వేసిన మొహాలన్నీ ఎవడో గుమాస్తా మొహాల్లా వచ్చాయి. పిల్ల ఒక్కోటీ చించి పక్కన పెట్టింది.

ఆ చిరుగుల పక్కనే పాత బొమ్మల చుట్ట ఉంది. అన్నయ్య కాలు సాగదీసుకుంటూ లేచి, అందులోంచి ఒకటి బయటికి లాగి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"ఇది నేనే కదా" అన్నాడు. "దీనికేం తక్కువ?"

"పుట్టుమచ్చ అన్నయ్యా" అన్నాను. "అటుది ఇటు వచ్చింది."

"ఎటుది ఎటు? ఇటే కదా ఉంది." బొమ్మలో మచ్చ తన ఎడమవైపు కనిపిస్తుంటే, తన ఎడమ బుగ్గ తడుముకుని చూపించాడు. "రోజూ నేను గడ్డం గీసుకునే మొహం. ఇది ఎటుందో నాకు తెలియదా, నీకు తెలుసా?"

"నీ మొహం నువ్వు ఎప్పుడు చూశావు? అద్దాన్ని చూశావు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నా వైపు జాలిగా చూసి బొమ్మను కూతురి చేతిలో పెట్టాడు. పిల్ల మాత్రం ఆయన బుగ్గ మీద ఉన్న వేలునే చూస్తోంది.

మరునాడు నా కొట్టుకొచ్చింది. చూస్తే పళ్ళు నూరాలనిపించేంత తేలికైన ఉపాయం ఒకటి ఉంది. బొమ్మను తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో కనిపించే గీతల మీదుగా వేరే కాగితం పెట్టి గీస్తే కుడి ఎడమలు మారిపోతాయి. బట్ట కత్తిరించే కాగితం ప్యాటర్న్‌లు నేను అలాగే తిప్పుకుంటాను. ఒకటి అలా తిప్పి చూపించింది కూడా. మచ్చ ఎడమ బుగ్గ మీదికి వచ్చింది, కత్తెర కుడిచేతికి వచ్చింది, గడియారాన్నీ తలుపు మీద పేరునూ మళ్ళీ సరిచేసుకుంటే చాలు.

"ఇంకేం, ఇలాగే పదీ తిప్పేసెయ్. పీడా పోతుంది" అన్నాను.

"పాసవుతానత్తా. నాకు తెలుసు." తిప్పిన బొమ్మను మిషను బల్ల మీద పరిచింది. "కానీ ఈ మనిషిని నేను చూడలేదు. చూసింది చూసినట్టు అన్నారు. ఇది గీసి ఇస్తే చూడనిది చూశానన్నట్టు. నేను చూసింది ఆ పదే."

"ఆ పదీ తప్పన్నారు కదే."

"హాలు గోడ మీద తప్పు" అంది. తిప్పిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నా చెత్తబుట్టలో గుడ్డపేలికల మధ్య పడేసింది.

ఆ సాయంత్రం వదిన ఇంట్లో రాద్ధాంతం చేసింది. క్లినిక్‌లో కుర్చీ ఖాళీగానే ఉందని గుర్తుచేసింది. నేనూ వదిన పక్షమే, దాచడం ఎందుకు. తేలికగా దాటే కాలవను ఈదుతానంటే ఎవరికి మాత్రం చిర్రెత్తుకు రాదు? పిల్ల అంతా విని, "ఒప్పందం ఒప్పందమేనమ్మా. పోతే వచ్చి కూర్చుంటా" అంది. వదిన కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాలేజీకి వెళ్ళి మాస్టారిని ఒకటే అడిగిందట. "నేను వేసిన చోటికొచ్చి, ఆ కుర్చీలో కూర్చుని ఒక్కసారి చూడండి సార్. అక్కడ కూడా తప్పే అంటే ఇంక అడగను." అలా రావాలన్న రూలేమీ లేదన్నారట ఆయన. రాకూడదన్న రూలూ లేదు కదా సార్ అందట. ఆయన జుట్టు వెనక్కి తోసుకుని సరేనన్నారు. ఆ జుట్టు తోసుకోవడం తలుచుకుని మా అన్నయ్య రెండురోజులు నవ్వుకున్నాడు.

మాస్టారు వచ్చేనాడు సెలూన్ తెరవకముందే పిల్లా నేనూ వెళ్ళాం. వెనక గోడ మీద, గడియారానికి ఇటు ఐదు, అటు ఐదు బొమ్మలు తగిలించాం. మేకులు నేను పట్టుకున్నాను, సుత్తి అదే కొట్టింది. అన్నయ్య ఎప్పటిలాగే దువ్వెనలు సర్దుకుంటూ, వెనక ఏం జరుగుతోందో పట్టనట్టు ఉన్నాడు. వదిన క్లినిక్‌కు ఆలస్యంగా వస్తానని చెప్పి వచ్చి, తలుపు దగ్గర నిలబడింది. మాస్టారు లోపలికి రాగానే గోడవైపు తిరగబోయారు.

"వద్దు సార్. కుర్చీలో కూర్చోండి. అద్దంలో చూడండి" అంది పిల్ల. తాను వెళ్ళి, చిన్నప్పటి నుంచీ కూర్చునే చోటే, గడియారం కింద బెంచీ మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది కానీ పిడికిళ్ళు బిగించే ఉన్నాయి.

ఆయన కూర్చున్నారు. అన్నయ్య మెడ చుట్టూ గుడ్డ బిగించి, కత్తెర అందుకున్నాడు. అందరం అద్దంలోకి చూశాం. పది బొమ్మల్లోనూ మా అన్నయ్యే ఉన్నాడు. మచ్చ ఎడమ బుగ్గ మీద, కత్తెర కుడిచేతిలో. బొమ్మల్లోని గడియారం కూడా, గోడకు మేకు కొట్టి ఉన్న అసలు గడియారంలాగే తిరగేసిన అంకెలతో ఉంది. అద్దంలో చూసి వేసినదాన్ని మళ్ళీ అద్దంలో చూసేసరికి ఆ గది ఉన్నదున్నట్టు బయటపడింది. మాస్టారు కుర్చీ తిప్పమన్నారు. గోడను నేరుగా చూశారు. మళ్ళీ అద్దం వైపు తిప్పమన్నారు. అలా ఎన్నిసార్లు తిరిగారో. అన్నయ్య ఓపికగా తిప్పాడు.

"ఇవి ఇక్కడి బొమ్మలు" అన్నారు చివరికి. "హాల్లో పెట్టడమే మన తప్పు. పని నేర్చుకునేవాడు నిలబడేది ఈ కుర్చీ వెనకే, చూసేది ఈ అద్దంలోకే కాబట్టి ఇక్కడ సరిపోతాయి. పాస్ చేస్తాను. కానీ ఒక బొమ్మ బాకీ ఉన్నావమ్మాయ్. పదింటిలోనూ ఆ బెంచీ ఖాళీగా ఉంది. చూసిన మనిషి ఎక్కడ?"

వదిన తలుపుకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. నేను ఏడవలేదు, ఏడిస్తే నన్ను ఇంట్లో ఎవరూ నమ్మరు. పిల్ల పిడికిళ్ళు విప్పింది. సరిగ్గా అప్పుడు చూశాను, అన్నయ్య కత్తెర గాల్లోనే ఆగిపోయి ఉంది. మాస్టారి జుట్టు ఒకవైపు భుజం మీద ఉంది, ఒకవైపు నేల మీద ఉంది. అన్నయ్య అద్దంలో ఆ బొమ్మలనే చూస్తున్నాడు.

"ఎవరు వాడు?" అన్నాడు.

"నువ్వే అన్నయ్యా" అన్నాను. "మేమందరం చూసే నువ్వు."

"నేనిలా ఉంటానా?" ఎడమ బుగ్గ తడుముకున్నాడు. అద్దంలో తనను చూసుకున్నాడు, బొమ్మను చూశాడు. రెండూ కలవలేదు. ఆ తర్వాత చేసిన పని ఆయన ఆ కుర్చీ వెనక ఎన్నడూ చేయలేదు. కత్తెర కింద పెట్టి, అద్దానికి వీపు తిప్పి, పూర్తిగా వెనక్కి తిరిగాడు. గోడ మీద బొమ్మలు చూశాడు. తర్వాత వాటి కింద కూర్చున్న కూతుర్ని చూశాడు. నేల చూడలేదు.

"ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని నన్నే చూస్తున్నావా అమ్మా?"

"ఇంకెవర్ని చూడను నాన్నా?" అంది.

మాస్టారు సగం జుట్టుతో చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. మంచి మనిషే.

బాకీ బొమ్మ వారం తిరక్కుండా వచ్చింది. ఈసారి కాలేజీకి వెళ్ళేముందు నా మిషను బల్ల మీదికే వచ్చింది, ప్యాంటు కూడా పక్కకు నెట్టబడింది. అందులో బెంచీ ఒక్కటే లీలగా ఉంది, దాని మీద ఒళ్ళో కాగితం పెట్టుకున్న పిల్ల ఉంది. ఎదురుగా, అద్దాన్ని వెనక వదిలేసి ఇటు తిరిగి నిలబడ్డ అన్నయ్య. మచ్చ ఎడమ బుగ్గ మీద, ఉండాల్సిన చోట. "ఎక్కడ బాగాలేదో చెప్పత్తా" అంది. ఎంత వెతికినా నాకు దొరకలేదు, అదే చెప్పాను.

ఇప్పుడు ఆ పదకొండూ సెలూన్‌లోనే ఉన్నాయి. పది బొమ్మలు కుర్చీలో కూర్చున్నవాళ్ళకు అద్దంలో కనిపిస్తాయి. ఆ ఒక్కటీ సరిగ్గా చూడాలంటే మాత్రం అన్నయ్య కుర్చీని వెనక్కి తిప్పాలి. అడిగినవాళ్ళకు తిప్పుతాడు. అడగనివాళ్ళకూ తిప్పి, "మా అమ్మాయి వేసింది" అని వాళ్ళ మొహంలోకే చూస్తూ చెబుతాడు.